ఇంటికి పంపించడం వైద్యం కాదు

(హాస్టళ్లలో, గురుకులాల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమ్మలారా, అక్కలారా, అన్నలారా! పొద్దున్నుంచీ మెస్ చార్జీల మీద మాట్లాడుకున్నాం. మరుగుదొడ్లకు తలుపులు లేవని, దుప్పట్లు ఇవ్వలేదని మాట్లాడుకున్నాం. మాట్లాడిన ప్రతివాళ్లకూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు పిల్లల మనసుకొచ్చే జబ్బుల సంగతి మాట్లాడతామని మైకులో చెప్పగానే వెనక కూర్చున్నవాళ్లలో కొందరు నవ్వారు. ఒకాయన "మా పిల్లకాయలకి పిచ్చేం లేదులే సారూ" అన్నాడు. ఆయన మీద మాకు కోపమేమీ లేదు. ఆ మాట మనందరి నోళ్లలో ఉన్నదే. పిల్లవాడికి కాలు విరిగితే నలుగురికీ చెప్పుకుంటాం. కామెర్లొస్తే చెప్పుకుంటాం. మనసు చెడితే మాత్రం తలుపేసుకుంటాం. దానికి మన దగ్గర ఉన్న పేర్లన్నీ తిట్లే గదా! తిక్క, పిచ్చి, మెంటలు, ఎర్రగడ్డ కేసు. ఆసుపత్రి ఉన్న పేట పేరును కూడా తిట్టు చేసుకున్నాం.

మేం డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. మా అమ్మానాన్నలు మిరప కోతలకు, పొగాకు బ్యారన్లకు పోయి మమ్మల్ని చదివించారు. మేమూ ఈ హాస్టళ్ల అన్నం తిన్నవాళ్లమే. కొన్నేళ్లుగా మాలో కొంతమందిమి సెలవు పెట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నాం. అలా తిరిగి తెలుసుకున్నదీ, చట్టం చదివి తెలుసుకున్నదీ మీ ముందు పెడతాం. మందుల పేర్లు చెప్పం. అది డాక్టర్ల పని. ఆ డాక్టరు దాకా పోయే దారి ఎక్కడ తెగిపోయిందో చెబుతాం.

ముందు ఒక మాట. ఏ పిల్లా వచ్చి "సార్, నా మనసు బాగోలేదు" అని చెప్పదు. కడుపునొప్పి అంటుంది. తలనొప్పి అంటుంది. పరీక్ష చేయిస్తే ఏమీ ఉండదు. దాంతో "నాటకాలేస్తుంది" అని తేల్చేస్తారు. ఏడో తరగతి పిల్లవాడు రాత్రిపూట పక్క తడుపుతాడు. వాడి చేత తడిసిన దుప్పటి పట్టించి, అసెంబ్లీలో నిలబెట్టిన చోట్లు మాకు తెలుసు. అంతవరకూ ఒక్క జబ్బున్న పిల్లవాడికి అప్పటినుంచీ రెండు! నిద్ర పట్టనివాడు క్లాసులో తూగుతాడు, వాడు సోమరి. చిన్నమాటకే కొట్లాటకు పోయేవాడు రౌడీ. నోరు విప్పని పిల్ల పొగరుబోతు. అక్షరాలు తిరగేసి రాసే పిల్లవాడు మొద్దు. ఆడపిల్ల కళ్లు తేలేసి పడిపోతే దయ్యం. ఒక హాస్టల్లో పరీక్షల ముందు ఒక పిల్ల అలా పడిపోతే మూడు రోజుల్లో పదిమంది పడిపోయారు. ముందు పిలిచింది డాక్టర్ని కాదు, పూజారిని! ప్రభుత్వ హాస్టల్లో, ప్రభుత్వ డబ్బుతో నిమ్మకాయలు కోశారు. పడిపోయేవాళ్లలో ఫిట్సు ఉన్నవాళ్లు ఉండొచ్చు. అది మెదడు జబ్బు, దానికి మాత్రలున్నాయి. భయంతో పడిపోయేవాళ్లు ఉండొచ్చు, దానికీ వైద్యం ఉంది. రెంటికీ నిమ్మకాయ మాత్రం పనిచేయదు.

ఇదేదో మన పిల్లలకే వచ్చిన మాయరోగం అనుకోవద్దు. బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. ఆ లెక్కన నాలుగు వందలమంది పిల్లలున్న హాస్టల్లో ఇరవై తొమ్మిది మంది. మీ వార్డెనును అడగండి, ఆ ఇరవై తొమ్మిది మంది ఎవరని. "మా దగ్గర అలాంటివాళ్లు లేరండీ" అంటాడు. నిజమే, లేరు. ఇంటికి పంపించేశాడు.

మేం మాట్లాడాలనుకున్నది ఈ పంపించడం గురించే.

ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడి సంగతి చెబుతాం. ఊరూ పేరూ చెప్పం. దసరా సెలవుల తర్వాత వాడికి నిద్ర పోయింది. రాత్రిళ్లు లేచి వరండాలో తిరిగేవాడు. తనలో తాను మాట్లాడుకునేవాడు. తోటి పిల్లలు భయపడ్డారు. ఒక ఆదివారం తండ్రికి ఫోనొచ్చింది, "మీవాడికి బాగోలేదు, వచ్చి తీసుకుపోండి" అని. ఆయన పోయేసరికి పెట్టె సర్ది గేటు దగ్గర పెట్టి ఉంది. ఒక తెల్లకాగితం మీద "నా ఇష్టపూర్వకంగా తీసుకెళ్తున్నాను" అని రాయించి వేలిముద్ర తీసుకున్నారు. ఏ ఆసుపత్రికి పోవాలో ఎవరూ చెప్పలేదు. ఒక చీటీ ముక్క రాసివ్వలేదు. "బాగయ్యాక తీసుకురండి" అన్నారు. ఎవరు బాగుచేయాలి? రోజుకూలీకి పోయే తండ్రి బాగుచేయాలా?

ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్లు ఎక్కించాడు. పక్కూరి భూతవైద్యుడు మూడు అమావాస్యలు రమ్మన్నాడు. కోళ్లు, తాయెత్తులు, ఆటో బాడుగలు అన్నీ కలిసి నలభై వేలు అప్పు. అయిదు నెలలు గడిచాక సంగతి మా చెవిన పడింది. వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ వాడితో ఒక్కడితోనే అరగంట మాట్లాడింది, తర్వాత తండ్రితో మాట్లాడింది. మందు రాసింది. రెండు నెలలకు పిల్లవాడు నిద్రపోయాడు. అన్నం తిన్నాడు. చెల్లెలితో తగువు పెట్టుకున్నాడు. వాళ్లమ్మ ఏడ్చింది ఆ తగువు చూసే! అప్పుడు గురుకులానికి పోతే, చాలా రోజులు రాలేదు గనక పేరు కొట్టేశామన్నారు. సీటు తిరిగి ఇప్పించడానికి జిల్లా ఆఫీసుకు ఆరుసార్లు తిరిగాం. సంవత్సరం పోయింది. వాడిప్పుడు తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చుని చదువుతున్నాడు.

ఆ అయిదు నెలలకు లెక్క ఎవరు చెప్పాలి? జబ్బు పిల్లవాడిది. జబ్బు వచ్చినప్పుడు వాడు ఉన్నది ప్రభుత్వ సంరక్షణలో. అప్పు మాత్రం తండ్రిది.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది విని తీరాలి, ఎందుకంటే మనకు ఎవరూ చెప్పరు.

ఈ దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. జబ్బు మనిషి పెద్దాసుపత్రికి పోవడం కాదు, వైద్యమే మనిషి దగ్గరికి రావాలనేది దాని ఉద్దేశం. కర్ణాటకలో బళ్లారి జిల్లాలో దాన్ని చేసి చూశారు. ఆ పద్ధతి మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు రాష్ట్రాల్లో నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టారు. ఆ నాలుగింటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి మెదక్ ఒకటి. అంటే ఈ మాట తెలుగు గడ్డ మీదికి వచ్చి ముప్ఫయ్యేళ్లు కావస్తోంది. విభజనకు ముందు సర్కారు పిచ్చాసుపత్రి అంటే జనానికి తెలిసినవి రెండే: హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. మా ప్రకాశం జిల్లా నుంచి రెండూ దూరమే. ఇప్పటికీ మనవాళ్లకు ఆ రెండు పేర్లే తెలుసు. మన జిల్లా కేంద్రంలో ఓపీ ఉన్న సంగతి తెలియదు. తెలియనివ్వకపోవడం కూడా ఒక పరిపాలనా విధానమే!

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 18వ సెక్షన్ గుర్తు పెట్టుకోండి. ప్రభుత్వం నడిపే, లేదా ప్రభుత్వ డబ్బుతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషికీ హక్కు అని రాసి ఉంది. దయ కాదు, హక్కు. అందులో లింగం, మతం, వర్గంతో పాటు కులం పేరు కూడా రాసి, ఆ కారణంగా వివక్ష చూపకూడదన్నారు. పిల్లలకు ప్రత్యేకంగా సేవలుండాలన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి పెద్దాసుపత్రి దాకా అన్నిచోట్లా ఈ వైద్యం మామూలు వైద్యంలో కలిసి ఉండాలన్నారు. జబ్బు మనిషి, పిల్లలైనా ముసలివాళ్లైనా, దూరాభారం పోనక్కర్లేకుండా ఇంటికి దగ్గర్లో దొరకాలన్నారు. ప్రతి జిల్లాలో కనీస సేవలు ఉండాలి. లేకపోతే ఆ జిల్లాలోనే వేరే చోట చూపించుకోవచ్చు, ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు కార్డు ఉన్నా లేకపోయినా ఉచితం.

చదువుతుంటే ఎంత బాగుందో చూశారా! ఇక నేలమీదికి దిగుదాం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి "పిల్లవాడు నిద్రపోవట్లేదు, భయపడుతున్నాడు" అని చెబితే బి.కాంప్లెక్సు ఇచ్చి పంపిన చోట్లున్నాయి. శ్రద్ధగా విని చీటీ రాసిచ్చిన డాక్టర్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి. చీటీ అడిగి తీసుకోండి. నోటిమాటతో "ఒంగోలు పొండి" అంటే పోవద్దు. ఏ ఆసుపత్రికి, ఏ విభాగానికి, ఎందుకు పంపుతున్నారో కాగితం మీద రాయించుకోండి. జిల్లా ఆసుపత్రిలోనో వైద్య కళాశాల ఆసుపత్రిలోనో మానసిక వైద్య విభాగం ఎక్కడుందో, ఓపీ ఏయే రోజుల్లో చూస్తారో ముందే కనుక్కోండి. ఒక తల్లి రెండు బస్సులు మారి గురువారం పోతే "పిల్లల్ని చూసేది మంగళవారం" అన్నారు. ఆమెకు పోయింది బస్సు చార్జీ ఒక్కటే కాదు, రెండు రోజుల కూలి. రెండోసారి రాకపోతే "ఈ జనానికి శ్రద్ధ లేదు" అని మన మీదే రాస్తారు.

ఓపీ చీటీ పారెయ్యొద్దు. బియ్యం డబ్బాలో పెడతారో, పెట్టె అడుగున పెడతారో మీ ఇష్టం. అది లేకపోతే ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకోవాలి. మాత్రలు పదిహేను రోజులకిచ్చి మళ్లీ రమ్మంటే, రెండు నెలలకు ఒకేసారి ఇవ్వగలరేమో అడగండి. కొన్ని మందులు ఇస్తారు, కొన్ని ఇవ్వరు. ఎందుకివ్వట్లేదో అడగడం తప్పు కాదు. ఇంకొక ముఖ్యమైన మాట. పిల్ల కాస్త నవ్వగానే మాత్రలు ఆపేస్తున్నారు మనవాళ్లు. డాక్టర్ని అడగకుండా ఆపొద్దు. ఆపాల్సి వస్తే ఎలా ఆపాలో వాళ్లే చెబుతారు.

ఫోను నంబరు ఒకటుంది: 14416. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరు 10న మొదలైంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మంచిదే. హాస్టల్ గోడ మీద ఈ నంబరు అతికించిన కాగితం మేం చూశాం. పిల్లల దగ్గర ఫోనుండకూడదని నియమం. ఫోను ఉండేది వార్డెను గదిలో. వార్డెను తిట్టాడని చెప్పుకోవాలంటే వార్డెను ముందు నిలబడి, వార్డెను ఫోనులోనే చెప్పుకోవాలి! గోడ మీద నంబరు రాసినవాళ్లు ఆ పక్కనే ఒక ఫోను పెట్టించలేరా? ఎవరూ వినని చోట, గడియ పెట్టుకోగలిగిన చోట ఒక ఫోను. ఇది కోట్ల ఖర్చు కాదు.

బడికొచ్చే ఆరోగ్య బృందాల సంగతి కూడా చెప్పాలి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకూ పరీక్ష చేయాలి. అందులో ఎదుగుదల లోపాలు, ఫిట్సు, చదవడంలో ఇబ్బంది, ఒకచోట నిలవలేని చంచలత్వం కూడా చూడాలని ఉంది. మా బళ్లకు వచ్చినవాళ్లు కళ్లు చూస్తారు, పళ్లు చూస్తారు, బరువు తూస్తారు, రిజిస్టరు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. 2014లో 10 నుంచి 19 ఏళ్ల వాళ్ల కోసం రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం పెట్టారు. దాని ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. కిశోరులకు ప్రత్యేక క్లినిక్కులన్నారు. మీలో ఎంతమంది వాటి పేరు విన్నారో చెయ్యెత్తండి. (ఇద్దరు ఎత్తారు. ఇద్దరూ ఆశా కార్యకర్తలే.)

ఇక మీ భయాల దగ్గరికొద్దాం. ఆసుపత్రి దాకా వచ్చి కూడా గేటు దగ్గర వెనక్కి తిరిగిన తల్లిదండ్రులున్నారు. "కరెంటు షాకులిస్తారంట గదా సారూ" అంటారు. వినండి. మైనరు పిల్లలకు ఆ చికిత్స చేయకూడదని ఇదే చట్టం 95వ సెక్షన్ చెబుతోంది. తప్పనిసరి అని డాక్టరు భావిస్తే గార్డియను ఒప్పుకోవాలి, దానితోపాటు మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందుగా అనుమతివ్వాలి. ఎవరికైనా సరే, మత్తివ్వకుండా చేయకూడదు. గొలుసులతో కట్టెయ్యడం ఏ రూపంలోనూ కూడదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అది ఊరికే రాలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దర్గా దగ్గర ఒక షెడ్డు తగలబడితే, గొలుసులతో కట్టి ఉన్న 28 మంది చనిపోయారు. మంత్రాలకూ మొక్కులకూ జబ్బు మనిషిని ఒప్పజెప్పి రావడం అంటే ఏమిటో తెలియాలంటే ఎర్వాడిని తలుచుకోండి.

"చేర్చుకుంటే మళ్లీ పంపరంట" అని ఇంకో భయం. పిల్లల్ని చేర్చుకోవడం అసాధారణ పరిస్థితుల్లోనే జరగాలని 87వ సెక్షన్. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి అవసరమని చెప్పాలి. పెద్దవాళ్ల వార్డులో కలపకూడదు. పిల్లవాడితోపాటు తల్లిదండ్రుల్లో ఒకరో, వాళ్లు పెట్టిన మనిషో మొత్తం రోజులూ ఉండాలి. ఆడపిల్లకు తండ్రి ఒక్కడే దిక్కయితే తోడుగా ఒక ఆడమనిషిని ఉంచాలి. చేర్చుకున్న 72 గంటల్లో బోర్డుకు చెప్పాలి. 30 రోజులు దాటితే మళ్లీ చెప్పాలి. మంచి రక్షణే. అయితే అక్కడ నెలరోజులు కూర్చునే తల్లికి కూలి ఎవరిస్తారో ఆ చట్టంలో ఎక్కడా లేదు. నెలజీతాలవాళ్లు రాసిన చట్టాలు ఇలాగే ఉంటాయి. తోడుండే మనిషికి రోజుకింత అని భత్యం ఇవ్వాలని మనమే అడగాలి.

"ఊరందరికీ తెలిసిపోద్ది, పిల్లకి పెళ్లి కాదు" అనేది మూడోది. జబ్బు వివరాలు బయటపెట్టకూడదని 23వ సెక్షన్ ఉంది. ఇది మా పంతుళ్లకు కూడా వర్తిస్తుందనుకుని నడుచుకోవాలి. స్టాఫ్ రూములో టీ తాగుతూ "ఆ పిల్ల మాత్రలేసుకుంటదంట" అనే పంతులు, ఆ పిల్ల వైద్యాన్ని ఆ కప్పు కింద పెట్టి నలిపేసినట్టే.

చనిపోవాలనుందని పిల్లలు అన్నప్పుడు సంగతి వేరే చెప్పాలి. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్కల్లో 2022 ఒక్క సంవత్సరంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. పిల్ల నోట ఆ మాట వస్తే "బెదిరిస్తున్నావా?" అనొద్దు. దేవుడి మీద ఒట్టు వేయించుకుని వదిలెయ్యొద్దు. అడగండి, నెమ్మదిగా, సూటిగా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?" అని. అడిగితే ఆలోచన పుడుతుందనుకోవడం పొరపాటు. అడిగితే బరువు దిగుతుంది. ఆ రోజు పిల్లను ఒంటరిగా ఉంచొద్దు. 14416కు చేయండి, ఆసుపత్రికి తీసుకుపొండి. అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే పోలీసు కేసవుతుందని దాచొద్దు. ఆ భయంతో ఆసుపత్రికి తీసుకుపోకుండా ప్రాణం పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని, వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 సెక్షన్ లేనే లేదు.

ఇంతసేపూ ఆసుపత్రికి పొండి, మాత్రలు వాడండి అన్నాం గదా. దీనికి రెండో వైపు ఉంది. అది చెప్పకపోతే ఈ వేదిక మీద మేం నిలబడ్డం దండగ.

ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్ల. రోజూ తలనొప్పి. బడికి పోనని ఏడుపు. కౌన్సిలింగు చేసే ఆమె వచ్చి, గాలి గట్టిగా పీల్చి వదలమని నేర్పింది. ఆసుపత్రిలో "ఇంట్లో గొడవలున్నాయా? మీ నాన్న తాగుతాడా?" అని అడిగారు. మన పిల్ల కనపడగానే తాగుబోతు తండ్రి గుర్తొస్తాడు వాళ్లకు. బడిలో ఏం జరుగుతోందని ఒక్కరూ అడగలేదు. బడిలో జరుగుతున్నది ఇది: స్టాఫ్ రూము ఊడ్చే వంతు ఎప్పుడూ మన వాడ పిల్లలకే వచ్చేది. స్కాలర్‌షిప్పు ఫారాలొచ్చిన రోజు "ఎస్సీలు నిలబడండి" అని క్లాసంతా చూసేలా నిలబెట్టేవాళ్లు. ఒక పంతులు ఆ పిల్లను పేరుతో పిలవడం మానేసి పేట పేరుతో పిలిచేవాడు. ఆ పిల్లకు గాలి పీల్చి వదలడం చేతకాక తలనొప్పి వచ్చిందా?

బాబాసాహెబ్ అంబేద్కర్ సాతారా బడిలో చదివేటప్పుడు ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. దాహమైతే బంట్రోతు వచ్చి పోస్తేనే నీళ్లు. బంట్రోతు రాకపోతే నీళ్లు లేవు. అది ఆయన నలభై దాటాక, పెద్ద పెద్ద చదువులన్నీ చదివాక కూడా నిన్న జరిగినట్టు రాశాడు. చిన్నప్పటి అవమానం అంతకాలం లోపల ఉంటుంది. ఏ మానసిక శాస్త్రం పుస్తకంలో ఉన్నా లేకపోయినా ఈ సంగతి మన పెద్దలందరికీ తెలుసు.

మనిషి సామాజిక స్థితిని బట్టి, పుట్టిన సమూహాన్ని బట్టి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని ఆ చట్టంలోనే మూడో సెక్షన్‌లో ఉంది. పిల్లల్ని శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధమని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. పిల్ల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం కింద ఫిర్యాదు చేసి తీరాలి, దాచిపెట్టడమే నేరం. అట్లాంటప్పుడు పిల్లకు మాత్రిచ్చి పడుకోబెట్టి, చేసినవాడిని బడిలోనే ఉంచితే దాన్ని వైద్యమంటారా?

ఆ ఎనిమిదో తరగతి పిల్ల సంగతి పూర్తిచేస్తాం. తల్లిదండ్రులూ మేమూ కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం. ఊడ్పించడం ఆగింది. ఆ పంతులు బదిలీ చేయించుకుని పోయాడు. పిల్ల తలనొప్పి సగం తగ్గింది. సగమే. మిగతా సగానికి డాక్టరు దగ్గరికి ఇప్పటికీ పోతోంది. అన్యాయం ఆపేస్తే జబ్బు దానంతటదే పోతుందనే మాట ఉద్యమంలో మనవాళ్లే కొందరంటారు. మేం ఒప్పుకోం. కొట్టడం ఆపినంత మాత్రాన విరిగిన చెయ్యి అతుక్కోదు, కట్టు కట్టాలి. కట్టు కట్టి మళ్లీ కొట్టేవాడి దగ్గరికే పంపితే అదీ అతుక్కోదు.

అక్షరాలు తిరగేసి రాసే పిల్లల గురించి రెండు ముక్కలు. అది తెలివితక్కువతనం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఒకటి. పరీక్ష చేయించి సర్టిఫికెట్టు తెచ్చుకుంటే పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం లాంటి సౌకర్యాలు అడగొచ్చు. పట్నంలో డబ్బున్న ఇళ్ల పిల్లలు తెచ్చుకుంటున్నారు. మన పిల్లలు "మొద్దు" అనే బిరుదు తెచ్చుకుని బడి మానేస్తున్నారు.

చివరగా, ఏం అడగాలి. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగుకు వచ్చిన పదిహేడేళ్ల పిల్ల చనిపోతే, ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా పోయాడు. ఆ కేసులో 2025 జూలై 25న కోర్టు దేశం మొత్తానికీ మార్గదర్శకాలిచ్చింది. బడులకు, కాలేజీలకు, కోచింగు సెంటర్లకు, హాస్టళ్లకు వర్తిస్తాయి. వందమందికి పైగా పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. తక్కువమంది ఉన్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. పిల్లకు అవసరమైతే ఏ ఆసుపత్రికి ఎలా పంపాలో ముందే రాసిపెట్టుకోవాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం సిబ్బందికి నేర్పాలి. మన గురుకులాల్లో వందకు తక్కువ ఎక్కడున్నారు?

కాబట్టి కౌన్సిలర్ పోస్టు అడుగుదాం. అయితే కాంట్రాక్టు మీద ఒక మనిషిని పది బళ్లకు తిప్పే పోస్టు కాదు. సైకాలజీ, సోషల్ వర్కు చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలున్నారు. ఆ పోస్టుల్లో రోస్టరు ఉండాలి. మన వాడ ఎలా ఉంటుందో తెలిసిన మనిషికి పిల్ల ఒక మాట ఎక్కువ చెబుతుంది.

వీటన్నిటికంటే ముందు, ఇవాళే మొదలుపెట్టాల్సింది ఒకటుంది. హాస్టలు నుంచి "బాగోలేదు, తీసుకుపొండి" అని ఫోనొస్తే పొండి. పోవాలి, పిల్ల మనది. కానీ తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు. ఏ డాక్టరుకు చూపించారు, ఏ ఆసుపత్రికి పంపుతున్నారు, సీటు ఎన్నాళ్లు ఉంచుతారు అనేవి వాళ్లచేత రాయించండి. వాళ్ల మనిషి ఒకరు మీతో ఆసుపత్రికి రావాలని పట్టుబట్టండి. రాయమంటే రాయనంటారు. రాసేదాకా గేటు దగ్గరే కూర్చోండి. మాకు ఫోను చేయండి, మేమూ వచ్చి కూర్చుంటాం.

"వైద్యం కోసం పోయిన పిల్లల సీటు కొట్టెయ్యరాదు, ఆసుపత్రికి పంపే బాధ్యత సంస్థదే, తోడుండేవాళ్లకు కూలి భత్యం ఇవ్వాలి, పిల్లలకు చాటుగా ఫోను పెట్టాలి" అని జిల్లా కలెక్టరుకు అర్జీ రాసి ఉంచాం. సోమవారం అర్జీలు తీసుకునే రోజు. కాగితాలు గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి. చదివి, సరే అనిపిస్తేనే సంతకం పెట్టండి. చదవడం రానివాళ్లకు పదో తరగతి పిల్లలు చదివి వినిపిస్తారు. వేలిముద్ర వేసేవాళ్లకు ఇంకు డబ్బా కూడా అక్కడే ఉంది. పిల్లల గురించి విడిగా మాట్లాడాలనుకునేవాళ్లు భోజనాలయ్యాక వెనకగదికి రండి, అక్కడ మైకు లేదు.